లైను లేని శనివారం

మా వాసీ పేరుకు లారీ డ్రైవరే గానీ, బతుకులో సగం ఆగిన లారీలోనే గడిపాడు. మా తాతలు ఓడెక్కి వచ్చిన ఈ దేశంలో, మొబేని ఫ్యాక్టరీల పేటలో ఒక గోడౌన్ గేటు ముందు తెల్లవారకముందే లైను కట్టాలి. సరుకు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటేది. ఆ లైనును తిట్టని డ్రైవరు లేడు. నేనూ నోరారా తిట్టాను.

వాసీకి షుగరు. అవోకాలో ఇంటి దగ్గరే సూది వేసుకుని బయల్దేరేవాడు. సూది పడ్డాక తిండి పడకపోతే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగానే చెప్పింది. ఆ తిండి గంగమ్మ పెట్టేది. లైను పొడవునా రొట్టెలూ చిక్కుడు గింజల కూరా అమ్ముకుంటూ వచ్చి, వాసీ లారీ తలుపు మీద అరచేత్తో దబదబా బాదేది.

"ఒరే వాసీ, లే రా! తిను! సూది ఏసుకుని పండుకుంటే చస్తావ్, మేన్!"

"తింటా పిన్నీ, డోంట్ షౌట్."

తెల్లవాళ్ళ రాజ్యం పోయిన ఎన్నికలైన రెండేళ్ళకు ఆంధ్రా నుంచి గిరిధరరావు అనే ఇంజినీరు ఆ గోడౌన్‌కు వచ్చాడు. ఏ లారీ టైము ఆ లారీకి ముందే ఇచ్చేశాడు. టైముకు ముందు గేటు దగ్గరికి రాకూడదు, తప్పితే మర్నాడే. లైను మాయమైంది. మంచి పనే, కాదనను. వాసీ పిల్లలతో కూర్చుని రాత్రి భోజనం చేయడం మొదలుపెట్టి, ఆయన్ని దేవుడన్నాడు. లైను లేని చోట గంగమ్మకేం పని? బుట్ట ఎత్తుకుని బస్టాండుకు పోయింది. వాసీ ఎదుటి కొట్లో మటన్ పై, అదే మాంసం కూరిన రొట్టె, తినేవాడు.

ఇంతలో గోవిందుడి నెల పురటాసి వచ్చింది. ఆ నెలంతా వాసీ మాంసం ముట్టడు. మాంసం అమ్మే కొట్లో నీళ్ళు కూడా తాగడు. శనివారమైతే గోవిందుడికి దీపం పెట్టందే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ శనివారం రోజూలాగే సూది వేసుకుని, ఇంట్లో దీపం పెట్టకముందే బయల్దేరి, టైము తప్పుతుందన్న భయంతో చాలా ముందే వచ్చి పక్కరోడ్డున లారీ ఆపుకున్నాడు. సరుకు ఎక్కించుకుని ఇంటికెళ్ళి ప్రసాదం తిందామనుకున్నాడు కాబోలు, మొండిఘటం. స్టీరింగు మీద వాలిన తలను గార్డు చూశాడు. టైము కాలేదుగా, పడుకోనీ అనుకున్నాడట. టైమయ్యాక పిలిస్తే వాసీ పలకలేదు.

ఇక్కడి అలవాటు ప్రకారం పెట్టెలో శవం ఇంటికొచ్చిన రోజు గిరిధరరావు గోడవారగా నిలబడి ఏడ్చాడు. చెంప పగలగొడదామని వెళ్ళినవాణ్ణి, చెయ్యి రాక పక్కనే నిలబడిపోయాను.

అప్పుడొచ్చింది గంగమ్మ. ఎవరి వంకా చూడలేదు. నేరుగా వెళ్ళి శవప్పెట్టె మీద అరచేత్తో దబదబా బాదింది.

"ఒరే వాసీ, లే రా! తిను!"