హుసేన్‌బీ వేలు, యాప్ జోస్యం

బిజినేపల్లి చుట్టుపక్కల ఏ ఇంట పెండ్లయినా గాజులు తొడిగేది హుసేన్‌బీయే. ఎంత మొండి చెయ్యయినా ఆమె చేతిలో పడితే మెత్తబడాల్సిందే. నోరు మాత్రం గాజుపెంకు. కరోనా ఏడాది భర్త గౌస్ పాషా పోయాక, గాజుల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి కూతురు బుష్రాను డిగ్రీ చదివించింది. దేనికీ బెదరని ఆ మనిషికి ఒక్క వస్తువంటే హడల్. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే క్లిప్పు! దాని మీద అంకె పడిపోతుండగానే పాషా కన్నుమూశాడు మరి.

రేపు బుష్రా నిఖా అనగా హుసేన్‌బీకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. కబురు విని నర్సు మాలతి వచ్చింది. ఆమె ఫోన్లో ఈమధ్యే ఆరోగ్యశాఖ వాళ్ళు ఒక యాప్ పెట్టారు. వయసు, దగ్గు, క్లిప్పు చూపిన అంకె చెబితే జబ్బు ముదురుతుందో లేదో ముందే చెబుతుందట. పచ్చరంగు వస్తే ఇంట్లో ఉండొచ్చు, ఎరుపు వస్తే దవాఖానకే. ఆ జోస్యం ఎంతవరకు నిజమో తేల్చడానికే ఇంటింటా పరీక్షిస్తున్నారు. చిలక జోస్యానికి ఆ పరీక్షయినా లేదు లెండి.

హుసేన్‌బీ కళ్ళు మూసుకుని వేలు చాపింది. ఫోన్ ఎర్రబడింది.

"అత్తా, నాగర్‌కర్నూల్ దవాఖానకు పోదాం పా," అంది మాలతి.

"నేను రాను బిడ్డా! ఆయన గూడ గిట్లనే పోయి మళ్ళ రాలే. నిఖా ఐనంక యాడికి తీస్కపోయినా వస్త."

"అమ్మీ లేకుండ నాకు నిఖానే వద్దు," అని బుష్రా ఏడుపు అందుకుంది. దాంతో హుసేన్‌బీ కూతుర్నీ, నర్సునీ, ఫోన్‌నూ కలిపి తిట్టడం మొదలుపెట్టింది. మాలతికి అక్కడే అనుమానం వచ్చింది. ఊపిరి అందని మనిషి ఇలా గుక్క తిప్పుకోకుండా తిట్టగలదా?

క్లిప్పు తీసి బుష్రా వేలికి పెట్టింది. అంకె తక్కువే. పక్కనున్న ఆడవాళ్ళందరికీ తక్కువే. చివరికి, పొద్దుగూకులూ బీడీలు తాగి దగ్గే హుసేన్‌బీ మరిది ఇంతియాజ్‌కు పెడితే నిండుగా చూపింది.

"నా తర్వాతనే మీరంత!" అని మురిశాడు ఇంతియాజ్.

మాలతి చూపు ఆడవాళ్ళ చేతుల మీద పడింది. నిన్నటి మెహందీలో నల్లగా పండాలని హుసేన్‌బీతో సహా అందరూ గోళ్ళ మీద కూడా దట్టంగా గోరింట పట్టించుకున్నారు. క్లిప్పు వెలుగు గోటిలోంచే పోవాలి. నెయిల్ పాలిష్ తుడవమని శిక్షణలో చెప్పారు గానీ, గోరింట సంగతి అక్కడ ఎవరికీ తట్టలేదు.

"కాలు చాపు అత్తా," అంది. కాలివేలికి గోరింట లేదు. అంకె నిలకడగా నిలిచింది. ఫోన్ పచ్చబడింది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

మర్నాడు హుసేన్‌బీ మూతికి మాస్క్ కట్టుకుని కూతురికి తన చేత్తోనే గాజులు తొడిగింది. పాషా వేళ్ళకు గోరింట లేదు, ఆయన అంకె నిజమే. అది గుర్తొచ్చి ఏడ్చింది. తన అంకె అబద్ధమైనందుకు అల్లాకు షుక్రియా చెప్పుకుంది.

రెండు వారాల తర్వాత, జోస్యం ఫలించిందో లేదో చూడటానికి మాలతి మళ్ళీ వచ్చింది. జ్వరం ఎప్పుడో తగ్గిపోయింది. మాలతి చెప్పగా యాప్‌లో ఇప్పుడు గోళ్ళకు గోరింట ఉందా అన్న ప్రశ్న కూడా చేరింది.

"ఆ క్లిప్పు ఇటు తే," అంటూ హుసేన్‌బీ అడగకముందే కాలు చాపింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.