నాలుగో నంబరు డంపరుకు జ్వరం

“ఆయన చెయ్యి ఆగకపోతే నా రిసెర్చి ఈ గనిలోనే సమాధి అయిపోతుంది అనూ,” అన్నాడు పృథ్వీరాజ్ ఫోనులో భార్యతో.

అవతల అనూరాధ ఎనిమిది నెలల పాపకి జావ తాగిస్తోంది. “ఏ చెయ్యి?” అంది.

అసిరయ్య చెయ్యి.

చీపురుపల్లి వైపున్న ఆ మాంగనీసు గనిలో అసిరయ్య ఇరవై ఎనిమిదేళ్లుగా హెడ్ మెకానిక్. ఆయనకున్నది ఒకటే జబ్బు. ఎదురుగా ఏది కనిపించినా చెయ్యి తిరగేసి, వేళ్ల వెనకవైపుతో తాకి, జ్వరం ఉందో లేదో తేల్చెయ్యాలి. డంపరు ఇంజినైనా, టీ గ్లాసైనా, పెళ్లికొడుకైనా ఆయనకి తేడా లేదు. పొందూరులో మేనల్లుడి పెళ్లిలో తలంబ్రాల ముందు వరుడి మెడ తాకి, “ఈడి ఒళ్లు సల్లబడిపోతన్నాది, కూకోబెట్టండి” అన్నాడట. పురోహితుడు మండిపడ్డాడు. కూర్చోబెట్టిన రెండు నిమిషాలకి వరుడు కళ్లు తిరిగి పడిపోయాడు. నిలబడి ఉంటే హోమగుండంలో పడేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

పృథ్వీరాజ్ ఇంజనీరింగు కాలేజీ నుంచి వచ్చాడు. ఏ యంత్రం ఎప్పుడు చెడుతుందో ముందే లెక్కగట్టి, రిపేర్లకీ తవ్వకానికీ కలిపి ఒక ప్రణాళిక వెయ్యడం అతని పరిశోధన. మేనేజరు నగరేశ్వరరావు మూడు నెలలు గడువిచ్చాడు. “బళ్లు ఆగిపోడం సగానికి తగ్గాలి. లేదంటే మీ లాప్‌టాప్ మీరు పట్టుకెళ్లిపోండి, మా రిజిస్టరు మాకుంటాది.”

మొదటి రోజు కరచాలనానికి పృథ్వీరాజ్ చెయ్యి చాపితే, అసిరయ్య దాన్ని వదిలేసి నుదురు తాకాడు.

“కాలిపోతన్నావు బాబూ. రేతిరి నిద్రోయావేటి?”

“పాపకి పళ్లొస్తున్నాయండీ.”

“అదీ సంగతి.” చెయ్యి లాప్‌టాప్ మీదికి జరిగింది. “దీనికీ పళ్లొస్తన్నాయేటి? ఆపు కాసేపు.”

పృథ్వీరాజ్ రెండేళ్ల రిజిస్టరు తెరిచి చూశాడు. బండి ఆగిన కారణం అన్న గడిలో ‘జొరం’, ‘నలత’, ‘కీళ్ల నొప్పులు’ అని ఉన్నాయి. ముప్ఫై టన్నుల ఖనిజం మోసే నాలుగో నంబరు డంపరుకు ఒకచోట ‘మనసు బాగోలేదు’ అని రాసి ఉంది.

“మనసు అంటే ఏ పార్టండీ?”

“పైనుంటాది బాబూ. కేబిన్లో.”

ఆ వెటకారం మింగి, అన్నిటినీ ‘ఇంజిను వేడి’ కింద మార్చి కంప్యూటర్లో ఎక్కించాడు. నాలుగో నంబరుకి రేడియేటరు మార్పించాడు, పంపు మార్పించాడు, ఫిల్టర్లు మార్పించాడు. ఇక ఏడాది వరకూ ఢోకా లేదంది కంప్యూటరు. మర్నాడే అసిరయ్య బండి తాకి, “జొరం” అని పక్కన పెట్టించాడు.

బళ్లు ఆగడం తగ్గలేదని మీటింగులో నగరేశ్వరరావు పృథ్వీరాజ్ మీద విరుచుకుపడ్డాడు. మధ్యలో అసిరయ్య లేచి వెళ్లి మేనేజరు బట్టతల తాకాడు. “బాబుగారికి ఏడి సేసింది. మజ్జిగ తెప్పించండి.” మజ్జిగ వచ్చింది. మీటింగు అయిపోయింది.

మరో వారం, పాపకి నిజంగానే జ్వరం వచ్చి తగ్గిన మర్నాడు, సాయంత్రం పృథ్వీరాజ్ ఇంటికి బయల్దేరుతుంటే అసిరయ్య అతని బైకుని తాకి తాళం జేబులో వేసుకున్నాడు. “దీనికి జొరం. బస్సెక్కు.” కొత్త బైకు. తిట్టుకుంటూ బస్సెక్కినవాడు ఒళ్లెరగకుండా నిద్రపోయి, ఇల్లు దాటి ఎక్కడో గజపతినగరంలో తేలాడు.

గడువుకి మూడు వారాలుందనగా నాలుగో నంబరుకి మళ్లీ జ్వరం వచ్చింది. ఈసారి పృథ్వీరాజ్ టెంపరేచర్ గన్ పట్టుకుని పరిగెత్తాడు. ఇంజిను కుండలో నీళ్లంత చల్లగా ఉంది. మెట్లెక్కి కేబిన్లోకి తొంగిచూశాడు. డ్రైవరు గంగులు ముఖం మీద తువ్వాలు కప్పుకుని గాఢనిద్రలో ఉన్నాడు.

కింద చక్రం పక్కన అసిరయ్య కాపలా. “నెమ్మదిగా దిగు బాబూ, నిద్దర నెగిసిపోతాడు.”

“బండికి జ్వరం అన్నారు కదండీ.”

“బండికేటి, గుండ్రాయిలా ఉన్నాది. ఆడికి కవలలు పుట్టినారు. నాలుగు దినాలై కునుకు నేదు. ఆ లోయ మలుపులో కన్ను మూతపడితే?”

“మరి రిజిస్టర్లో అలా ఎందుకు రాశారు?”

“మనిషి నలత రాసే గడి మీ రిజిస్టర్లో ఉన్నాదేటి? సెలవడిగితే ఆబ్సెంటు ఏస్తారు. బండికి జొరమొస్తే ఎవుడూ ఆబ్సెంటు ఎయ్యడు.”

పృథ్వీరాజ్ అక్కడే టైరుకి చేరగిలబడిపోయాడు. ఇద్దరూ రిజిస్టరు ముందేసుకుని వెతికారు. గడిచిన రెండు నెలల్లో బళ్లు ఆగిన అరవై రెండు సార్లలో యంత్రం చెడింది పంతొమ్మిది సార్లు. మిగతా నలభై మూడూ మనుషులు. మొహరం పండక్కి ఊరెళ్లి అలిసొచ్చినవాళ్లు, తల్లిని ఆస్పత్రిలో పెట్టినవాళ్లు, పురిటింటివాళ్లు. తన పరిశోధనంతా నిద్రలేని మనుషులకి రేడియేటర్లు మార్చడమే.

“అయితే నా బైకు?”

“బైకుకేటి, బంగారంలా ఉన్నాది.”

చివరి మూడు వారాలకి పృథ్వీరాజ్ ప్రణాళికలో ఒక గడి పెంచాడు: ‘నడిపేవాడు నిద్రపోయాడా?’ నగరేశ్వరరావు అదిరిపడి, “గనిలో జోలపాట కూడా పెడతారేటి?” అన్నాడు. అయినా మజ్జిగ సంగతి గుర్తొచ్చిందో ఏమో, సంతకం పెట్టాడు. నిద్ర చాలనివాడికి ఆ పూట కింద రాయి ఏరే పని, వాడి బండికి మరో డ్రైవరు. ఆబ్సెంటు లేదు. మూడు వారాల్లో బళ్లు ఆగింది రెండుసార్లు. ఆ రెండూ నిజంగా పంపులే. గడువు ఏడాదికి పెరిగింది.

ఇంటికి రాగానే థర్మామీటరుతో పాప మీదికి ఉరికే అలవాటు పృథ్వీరాజ్‌ది. ఇప్పుడు ముందు చెయ్యి తిరగేసి అనూరాధ నుదురు తాకుతున్నాడు.

“నేనేటి, నాలుగో నంబరు డంపర్నా?” అంది మొదటిసారి. పాపని అతని చేతుల్లో పెట్టి ఆవలిస్తూ లోపలికి వెళ్లి పడుకుంది కూడా.

ఆ రోజు టైరు దగ్గర్నించి లేస్తూ అసిరయ్య చెప్పింది అంతే మరి: “ముందు మోసే మనిషిని తాకి సూడు బాబూ. మోసే బరువు సంగతి తరవాత.”