ఖాసింబీ గారి దువ్వెన

ఏడేళ్ళుగా ఒక దువ్వెన బరువు మోస్తున్నాను. తల దువ్వుకునేది కాదు. తివాచీ నేసేటప్పుడు పోగుల మధ్య దింపి, ముడుల్ని కొట్టి బిగించేది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాది ఉంగుటూరు. పదో తరగతితో చదువు ఆగింది. మా ఊరికి దగ్గర్లోని యూనివర్సిటీ సైన్స్ లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం. సర్దుతూనే చదివాను. కింది అంతస్తులో మేకర్ స్పేస్ అని ఒక గది తెరిచారు. త్రీడీ ప్రింటర్, కోత యంత్రం, పనిముట్లు. ఎవరైనా వచ్చి కావలసిన వస్తువు చేసుకోవచ్చు. మాన్యువల్ మొత్తం చదివింది నేనొక్కడినే. ఆ గదిలో నన్ను సార్ అనేవారు.

ఖాసింబీ గారు ఏలూరు నుంచి బస్సులో వచ్చారు. నలభై ఏళ్ళుగా తివాచీలు నేస్తున్న మనిషి. పళ్ళు విరిగిన చెక్క దువ్వెన బల్ల మీద పెట్టి, అలాంటిదే కావాలన్నారు. కొలిచాను, కంప్యూటర్లో గీశాను. ప్రింటర్ పలక మీద పట్టలేదు. రెండు పళ్ళు తీసేస్తే సరిపోయేది. తీస్తే నాకు చేతకాలేదనుకుంటారేమో అని, పళ్ళ లెక్క తగ్గకుండా మొత్తం బొమ్మనే కాస్త కుదించాను. సందులు ఇరుకయ్యాయి. వెంట్రుకవాసే కదా అనుకున్నాను. అనుకున్నానా? అసలు ఆలోచించానా?

నెల తర్వాత మళ్ళీ వచ్చారు.

"దువ్వెన బంగారంలా ఉందండి సారూ. నా చేతులే చెడ్డాయి. కొట్టినప్పుడల్లా పోగులు తెగుతున్నాయి. చూపుతో పాటు చేతులు కూడా రిటైరయ్యాయంటోంది మా కోడలు."

దువ్వెన నా చేతిలోనే ఉంది. ఆ ఇరుకు సందులే పోగుల్ని తెంపుతున్నాయని చూడగానే తెలిసింది. గదిలో నలుగురు విద్యార్థులు నా మొహమే చూస్తున్నారు.

"అలవాటవ్వాలండి, పిన్ని గారూ," అన్నాను.

"ఈ వయసులో కొత్త అలవాట్లేంటండి," అని నవ్వి, పిల్లలకి చూపించుకోమంటూ దువ్వెన అక్కడే వదిలి వెళ్ళారు. మగ్గం మీద సగం తివాచీ అలాగే ఉందట. తర్వాత నేయడమే మానేశారని ఆవిడ వీధిలో ఉండే ఒక విద్యార్థిని చెప్పింది.

ఎలాగూ మానేసేవారేమో. చూపు నిజంగానే తగ్గిందేమో. ఇలా వందసార్లు సర్దిచెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ, మరి ఆ రోజు నోరెందుకు విప్పలేదు అని నాలోంచే ఎవరో అడుగుతారు. చదివానన్న గర్వమా? పిరికితనమా? రెండూ ఒకటేనా? లైబ్రరీలో ఇన్ని పుస్తకాలున్నాయి, దీనికి దేన్ని తీయాలో తెలియలేదు.

రెండు పళ్ళు తక్కువగా, సరైన దువ్వెన చేశాను. సంచిలో ఉంది. రెండుసార్లు ఏలూరు బస్సెక్కి, ఏలూరు రాకముందే దెందులూరులో దిగిపోయాను. ఆవిడ వదిలి వెళ్ళింది మేకర్ స్పేస్‌లో అందరూ చూసే గాజు బీరువాలో ఉంది, పక్కన నా పేరుతో చీటీ. రోజూ దుమ్ము తుడిచేది నేనే.

దువ్వెన పాడుచేసింది నేనండి, పిన్ని గారూ. మీ చేతులు బాగానే ఉన్నాయి.

ఆవిడకి చెప్పాల్సిన మాట ఇది. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.