పుట్టింటి చీర మీదికి జాకెట్టు

మా అమ్మాయి ప్రసన్న మళ్లీ కుట్టుమిషన్ ఎక్కిందండోయ్!

ముందు ఈ మాటే చెప్పాలనిపించింది. తిట్టుకోకండి. దీని వెనకాలే రెండో మాట ఉంది.

మా పెద్దక్క సత్యవతి నిన్న తెల్లవారుజామున పోయింది.

మొగల్తూరు నుంచి బావగారు ఫోన్ చేశారు. "మీ అక్క నిద్రలోనే..." అన్నారు.

మొన్ననే కదా వీడియో కాల్‌లో ఊలు ఉండ చూపించి "ఈ రంగు బాగుందేంట్రా?" అని అడిగింది!

అక్క గురించి తెలియనివాళ్లకి చెబుతాను.

ఆ రోజుల్లో నలుగురు పిల్లలు. రెండు గేదెలు. బావగారికి రైసుమిల్లు డ్యూటీ. అత్తగారు మంచంలో.

అయినా అక్క చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. లేసు అల్లేది, మిషన్ కుట్టేది, వైరు బుట్టలు, పాత చీరలతో బొంతలు, గవ్వలతో నెమళ్లు. డబ్బు కోసం కాదు. సరదా! ఒట్టి సరదా!

ఇంటి పని ఒక్కోదానికీ ఒక్కో చేతిపని జత చేసుకునేది. చంటిదాన్ని కాళ్ల మీద వేసుకుని ఊపుతూ వైరు బుట్ట. ఎసరు మరిగేలోపు లేసు పువ్వు.

"అన్నం ఎంతసేపే?" అని అత్తగారు అడిగితే "ఇంకో రెండు పువ్వులండీ" అనేది. చివరికి ఆవిడకీ అదే అలవాటైపోయింది. ఎవరైనా ఇంటికొస్తే "కూర్చోండి, మూడు పువ్వుల్లో వంటైపోతుంది" అనేవారు!

నాకు స్వెట్టర్ అల్లింది. మన గోదావరి ఉక్కలో స్వెట్టర్!

"ఇదెప్పుడేసుకోనక్కా?"

"చలేసినప్పుడు ఏసుకో."

"మనకి చలెప్పుడేస్తుందే?"

"అల్లడం నా పని. చలి సంగతి నువ్వు చూసుకో."

ఏటా చలికాలంలో ఒక్క పొద్దుట అది వేసుకుని, చెమటలు కక్కుతూ ఫోటో తీయించుకుని అక్కకి పంపేవాణ్ని.

ప్రసన్నకి మిషన్ నేర్పింది అక్కే. వేసవి సెలవుల్లో మొగల్తూరు పంపిస్తే అన్నీ నేర్పి పంపింది. తన జాకెట్లన్నీ మేనకోడలి చేతే కుట్టించుకునేది.

తర్వాత ప్రసన్నకి టీచరుద్యోగం, ఇద్దరు పిల్లలు, వాళ్ల హోంవర్కులు, ట్యూషన్లు. అల్లుడుగారూ వాళ్లూ పాలకొల్లులో మాతోనే ఉంటారు, అంతా చూస్తూనే ఉన్నాను. మిషన్ మీద దుప్పటి. దుప్పటి మీద ఇస్త్రీ బట్టల కుప్ప.

"టైమ్ ఉండట్లేదత్తా" అనేది ఫోన్లో.

"టైమ్ ఉన్నోళ్లు కుడతారేంటే పిచ్చిమొహమా? ఆళ్లు పడుకుంటారు!" అని నవ్వేది అక్క.

ఆ మిషన్ చప్పుడు ఆగాక ఇల్లు బోసిగా ఉండేది నాకు. బయటికి చెప్పలేదంతే.

ఇక నిన్న.

ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర, జాకెట్టు తీసుకెళ్లాలి కదండీ. అవి కట్టి సాగనంపుతారు. వంగపండు రంగు నేత చీర మా ఆవిడ బీరువాలో ఉంది. జాకెట్టు గుడ్డా ఉంది. కుట్టేవాళ్లేరీ? ఆదివారం, టైలర్ కొట్లన్నీ మూసి ఉన్నాయి. మధ్యాహ్నానికే తీసుకెళ్లిపోతామని అక్కడ కంగారు.

"రెడీమేడ్‌ది ఏదైనా తీసుకెళ్దామండీ" అంది మా ఆవిడ.

నాకు ప్రాణం ఒప్పలేదు. జన్మలో రెడీమేడ్ జాకెట్టు తొడుక్కోని మనిషి!

ప్రసన్న లేచింది. ఇస్త్రీ బట్టలు మంచం మీద పడేసింది. దుప్పటి లాగేసింది. మిషన్‌కి నూనె వేసింది.

"కొలతకి ఆది జాకెట్టు లేదు కదమ్మా?" అన్నాను.

"అత్త కొలతలు నాకు తెలుసు. నువ్వెళ్లి కారు మాట్లాడు నాన్నా."

ఏడుస్తూనే కుట్టింది.

మేం వెళ్లేసరికి స్నానం చేయించి మా కోసమే చూస్తున్నారు. బావగారి అక్కగారు అందుకున్నారు. ఆవిడ నోటికి జడవనివాళ్లు లేరు. జాకెట్టు తిరగేసి చూశారు.

"ఏంటే అమ్మాయ్ ఇది? లోపల జేబు కుట్టావు? పోయే మనిషికి జేబెందుకే?"

అందరూ ఇటు తిరిగారు.

అక్క జాకెట్లన్నిటికీ లోపల జేబు ఉండాల్సిందే. లేసు సూదీ, దారం ఉండా అందులోనే. అదే అలవాటులో ప్రసన్న చెయ్యి దానంతటదే కుట్టేసింది.

"విప్పేస్తానండీ. బ్లేడు ఇప్పించండి" అంది, చెయ్యి చాపి.

పెద్దావిడ ఆ జేబులో వేలు పెట్టి చూశారు. లోపలికెళ్లి, అక్క బుట్టలోంచి తెల్లదారం ఉండ తెచ్చి అందులో పెట్టారు.

"ఉండనీయ్. అక్కడ మాత్రం ఊరికే కూర్చుంటుందా ఇది!"

పొద్దుటినుంచి బావగారు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు.

"సూది పెట్టకక్కా. గుచ్చుకుంటుంది" అన్నారు.

ఏడుస్తున్నవాళ్లం ఏడుస్తూనే నవ్వేశాం.

కుట్టు మాత్రం ఏం కుదిరిందండీ! భుజం దగ్గర ఒక్క ముడత లేదు. పేరంటానికి బయల్దేరినట్టుంది మా అక్క.

ఈ పొద్దున నేను మిషన్ మీద దుప్పటి కప్పబోతే ప్రసన్న చెయ్యి పట్టుకుంది. "ఉండనీ నాన్నా, పనుంది" అంది.

ఇది టైపు చేస్తుంటే పక్కగదిలో టకటకా చప్పుడు. మనవరాలి యూనిఫామ్ పొట్టిదైందని అంచు విప్పి పొడుగు చేస్తోంది. ఈలోపు స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. పోతే పోనీ! రోజూ పొంగనీ!

అక్క పోయిన మర్నాడు ఈ సంతోషమేంటని అడక్కండి. నాకు రెండూ కలిసే వస్తున్నాయి.

వెళ్లిరా అక్కా. నీడపట్టున కూర్చుని నిదానంగా అల్లుకో. ఇక నిన్నెవరూ తొందరపెట్టరు. నీ ఆత్మ హాయిగా ఉండాలి.

ఇంకా కబురు అందనివాళ్లున్నారు. ఇది చూసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఆత్రేయపురం పిన్నికి, ఆవిడ కొడుకులకి.

రాజమండ్రిలో మా మేనమామ కూతురు విజయకి. నంబరు మార్చింది, నా దగ్గర లేదు.

కాకినాడ తోడల్లుడుగారికి.

పెద్దాపురంలో మా చిన్నక్కకి. ఒంట్లో బాగోలేదు, ఇవేవీ చూడదు. ప్రసన్న మిషన్ ఎక్కిందని మాత్రం చెప్పి ఆపండి. రెండోది నేనే వచ్చి, పక్కన కూర్చుని చెప్పుకుంటాను.