కప్పు మీద రాళ్లు

మా ఊళ్లో రేకుల ఇల్లంటే కప్పు మీద రాళ్లుండాల్సిందే. ఎండాకాలం గాలిదుమారానికి రేకులు ఎగిరిపోకుండా మనిషి మోయగలిగినంత బండరాళ్లను వరసగా పెడతారు. మర్రిగూడ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఇదే తీరు. నా చిన్నప్పుడు అలాంటి దుమారంలోనే రేకు లేచి, దాని మీది రాయి జారి మా బాపు భుజం మీద పడింది. ఆ చెయ్యి ఇప్పటికీ తలదాకా లేవదు. ఊరు మాత్రం రాయిని తప్పు పట్టలేదు. చిన్న రాయి పెట్టావని బాపునే తప్పు పట్టింది.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నేను ఇంజినీరునై, ఇనుప గదులు తయారుచేసే ఒక షెడ్డులో లెక్కలు కట్టే పనికి కుదిరాను. లారీ మీద తెచ్చి క్రేనుతో దించే గదులవి. ఒకసారి వచ్చిన ఆర్డరు చూస్తే మా ఊరి దవాఖానకు. నీళ్లలోని ఫ్లోరైడుతో మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లు మా దగ్గర ఇంటికొకరు, మా ఇంట్లో బాపు. వాళ్ల కోసమే ఆ గది.

ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోయే గదిని నేలకు కట్టడమేమిటని మా యజమాని వాదన. క్రేను ఎత్తేదాన్ని గాలి పడదోయలేదా అని నేను. గది దించేది పడమటి వైపు అడ్డమేమీ లేని ఎత్తుగడ్డ మీద. తెరిచిన తలుపులోంచి దూరిన గాలి కప్పును పైకి తోస్తుంది, పైనుంచి పోయే గాలి అదే కప్పును లాగుతుంది. గది బరువొక్కటే చాలదని లెక్క తేలింది. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెలు పాతి గదిని బోల్టులతో బిగిస్తే తప్ప సంతకం పెట్టనని మొండికేశాను. బోల్టులు విప్పితే మళ్లీ లారీ ఎక్కుతుంది, ఇంకేం బాధ? సణుగుతూనే ఒప్పుకున్నాడు.

గది దించి, బోల్టులు బిగించిన మర్నాడు వెళ్లి చూస్తే కప్పు మీద రాళ్లు. ఊరివాళ్లు ప్రేమతోనే పెట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. నిచ్చెన వేసుకుని ఎక్కి ఒక్కొక్కటే గది వెనక్కి దొర్లించాను. మాకు వరసకు పెదబాపు అయ్యే సర్పంచు, నేను దిగగానే నిలదీశాడు.

"రాళ్లు దీసినవు. రేపు గాలికి గది లేస్తే ఎవలది జిమ్మెదారి?"

"నాది, పెదబాపూ. గాలిని బోల్టులు ఆపుతయి. ఒకవేళ భూమి కదిలిందనుకో, తల మీద బిందె పెట్టుకొని ఉరికినట్టయితది. నెత్తి మీది బరువే మనల్ని పడేస్తది."

ఈ రాతినేల మీద భూకంపమేమిటని ఆయన నవ్వాడు. తక్కువంటే అసలే లేదని కాదన్నాను. ఎవరూ వినలేదు. రాళ్లు లేని గదిలో అడుగు పెట్టేది లేదని తేల్చేశారు. వారం తిరక్కముందే, దవాఖానలో ఖాళీగా కూర్చున్న నర్సమ్మ ఫోన్ చేసి, రోగులు రాకపోతే దవాఖానను పక్క ఊరికి మారుస్తారట అని చెప్పింది. బోల్టులు విప్పడం ఎంత తేలికో, గది అప్పగించేటప్పుడు పై అధికారులకు నేనే చెప్పి ఉన్నాను.

సెలవు పెట్టి ఊరికి వెళ్లాను. ఆ మధ్యాహ్నమే పడమటి దిక్కు ఎర్రమట్టితో మూసుకుపోయింది. నర్సమ్మతో సహా అందరూ ఇళ్లలోకి పరుగెత్తారు. నేను ఆ గదిలోకి వెళ్లి, తలుపు బార్లా తెరిచి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తలుపు తెరిచి ఉంటుందనే లెక్క కట్టాను, తెరిచే కూర్చుంటాను. భయం వేయలేదా అంటే వేసింది. గోడలు గుంయ్‌మన్నాయి, కాళ్ల కింద ఇనుము కిర్రుమంది. నా లెక్క మీద నమ్మకం కంటే ఆ రాళ్ల మీది కోపమే నన్ను అక్కడ కూర్చోబెట్టింది.

అంతలో మెట్ల మీద బాపు. దుమ్ముకు కళ్లు చికిలించి, వంగని మోకాలిని బాగున్న చేత్తో ఎత్తి పెడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. పట్టుకోబోతే వద్దన్నాడు. బాట అవతల గుమ్మాల్లోంచి సర్పంచూ జనమూ చూస్తున్నారు. బాపు రోగుల బల్ల మీద కూర్చుని, పాడైన భుజం తడుముకున్నాడు.

"గీడ నెత్తి మీద రాయి లేదు గద బిడ్డా. నేను గీడనే కూసుంట."

గాలి ఆగేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఇంచు కూడా కదలని ఆ గదిని కళ్లారా చూసిన జనం మెల్లగా రాసాగారు. దవాఖాన ఇప్పటికీ మా ఊళ్లోనే ఉంది. కప్పు మీద ఒక్క రాయి కూడా లేదు.