ఇరవై రెండేళ్ల కాన్వెంటు

నేను ఇరవై రెండేళ్లు కాన్వెంటులో ఉన్నాను. ఈ మాట చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఎంతమందితో అన్నానో లెక్క లేదు. ఒక్కరు కూడా తప్పుగా అర్థం చేసుకోలేదు. తెలుగులో కాన్వెంటు అంటే పిల్లలకు టై కట్టి, జేబుకు చేతిరుమాలు పిన్నుతో గుచ్చి, ఏబీసీడీలు నేర్పే చోటు. మాది అశోక్‌నగర్ సందులో రెండు గదులూ ఒక రేకుల షెడ్డూ. బోర్డు మీద ముందు ఒక దేవుడి పేరు, వెనక కాన్వెంటు అనే మాట, దాని కింద ఎర్ర రంగుతో ఇంగ్లీషు మీడియం అని ఉండేది. ఆ బోర్డు కింద నేను ఎల్‌కేజీకి పాఠాలు చెప్పాను. ఆ సందులో నా పేరు ఎవరికీ తెలియదు, కాన్వెంటు టీచరమ్మ అంటే చాలు. కిరాణా కొట్టాయన ఇప్పటికీ నన్ను చూస్తే లేచి నిలబడతాడు. చిన్న ఎఫ్‌కు అడ్డగీత ఎక్కడ గీయాలో ఆయనకు నేర్పింది నేనే.

మా మనవరాలు కూడా అక్కడే ఏడో తరగతి దాకా చదివింది. రేకుల షెడ్డు పోయి మేడ వచ్చింది గానీ, ఆ మేడ ఏడో తరగతితో ఆగిపోయింది. ఎనిమిదికి హైస్కూలు వెతకాలి. ఇంట్లో మేం నలుగురం. నేను, ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే మా అబ్బాయి, బ్యాంకులో పనిచేసే మా కోడలు, ఈ పిల్ల. ముగ్గురు పెద్దవాళ్లం కలిసి ఒక పిల్లకు స్కూలు వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. నా పెళ్లి సంబంధం నాలుగు రోజుల్లో తేల్చారు.

మా అబ్బాయి ఒక పట్టిక గీసి ఫ్రిజ్‌కు అంటించాడు. స్కూలు, దూరం, రిజల్టు, ఫౌండేషన్ అని గళ్లు. ఫౌండేషన్ అంటే పునాది అనుకున్నాను. కాదట, ఐఐటీకి ఇప్పటినుంచే చదివించడమట. నారాయణగూడ వెళ్లే దారిలో అయిదంతస్తుల భవనం ఒకటి చూసి వచ్చాం. కింద సెల్‌ఫోన్ల షాపు, పైన స్కూలు. లోపల టై కట్టుకున్న ఒకాయన ల్యాప్‌టాప్ తిప్పి మాకు ర్యాంకులు చూపించాడు. లిఫ్టు ఉంది, ఏసీ ఉంది, ఐఐటీ ఉంది అన్నాడు.

"గ్రౌండ్ ఉందా అంకుల్?" అని అడిగింది మనవరాలు.

"టెర్రస్ ఉంది నాన్నా," అన్నాడాయన.

ఈ పిల్లకు నడవడం రాదు. కరివేపాకు తెమ్మంటే పరుగెత్తుకుంటూ వెళ్లి, పరుగెత్తుకుంటూ వస్తుంది. సగం కరివేపాకు దారిలోనే రాలిపోతుంది. వాళ్లమ్మ తిట్టినా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగెత్తే ఏడుస్తుంది. నాలుగు నెలల్లో తన చదువు గురించి తను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. ఎక్కడేసినా సరే, గ్రౌండ్ ఉన్నదాంట్లో వేయండి అంది. పట్టికలో ఆ గడి లేదు.

నారాయణగూడ దాటాక సిస్టర్లు నడిపే క్యాథలిక్ స్కూలు ఒకటుంది. పెద్ద గోడ, గోడ వెనక వేపచెట్లు, వేపచెట్ల వెనక గ్రౌండు. పట్టికలో దాన్ని చివరి వరుసలో రాసింది నేను. మా అబ్బాయి వద్దనలేదు, అవుననలేదు. రిజల్టు బాగానే ఉందన్నాడు. కోడలిది నల్గొండ వైపు, ఏదైనా సూటిగా అంటుంది. "మంచిగనే ఉంటది అత్తమ్మా. సీటు దొరుకుడే కష్టం," అంది. మా పై వాటాలో, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో గ్రూప్స్‌కు చదువుకునే ఒకాయన కిరాయికి ఉంటాడు. ముప్పై దాటాయి, ఇప్పటికి మూడుసార్లు రాశాడు. ఆయన్నీ సలహా అడిగాను. "ఏడ సదివినా ఆఖరికి అశోక్‌నగర్‌కే రావాలె గదా పెద్దమ్మా," అన్నాడు. నాకు ఆ నాలుగు నెలల్లో దొరికిన సలహాల్లో అదొక్కటే అనుభవం మీద చెప్పింది.

ఫారం నేనే నింపాను. మా ఇంట్లో అక్షరాలు గుండ్రంగా రాసేది నేనొక్కదాన్నే. మతం అన్న చోట ఖాళీ వదిలెయ్యమన్నాడు మా అబ్బాయి. ఎందుకురా అంటే, వదిలేస్తే వాళ్లే అడుగుతారు, అప్పుడు చూసుకుందాం అన్నాడు. రెండో పేజీలో ఇంగ్లీషులో ఒక ప్రశ్న ఉంది. కుటుంబంలో ఎవరైనా కాన్వెంటులో ఉన్నారా, ఉంటే ఎన్నేళ్లు అని. ఆ ప్రశ్న చూడగానే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నా జన్మలో ఏ ఫారమూ నన్ను ఆ మాట అడగలేదు. రేషన్ కార్డు అడగలేదు, ఆధార్ అడగలేదు. కళ్లజోడు సర్దుకుని, నాన్నమ్మ, ఇరవై రెండేళ్లు అని ఇంగ్లీషులో, నాకు వచ్చినంత గుండ్రంగా రాశాను. కోడలు చదివి, "సూపర్ అత్తమ్మా," అంది. ముగ్గురం చదువుకున్నవాళ్లమే. ఒక్కరికీ అనుమానం రాలేదు.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. నాన్నమ్మను తప్పకుండా తీసుకురమ్మన్నారు. మా అబ్బాయి నావైపు కొత్తగా చూశాడు. నేను గంజి పెట్టిన చీర కట్టుకున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గదిలో నాలుగు కుర్చీలు, గోడ మీద సిలువ, ఒక పెద్ద కిటికీ ఉన్నాయి. నేను లోపలికి వెళ్లగానే ఆవిడ లేచి నిలబడ్డారు. నా రెండు చేతులూ పట్టుకుని, "కూర్చోండి సిస్టర్," అన్నారు. ఈ ఊళ్లో ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా అక్కా అంటారు. ఇక్కడ ఇంగ్లీషు మీడియం కాబట్టి ఇంగ్లీషులో అన్నారనుకుని కూర్చున్నాను. ఆవిడది గుంటూరు వైపు యాస. పుట్టింటి వైపు మాట వినబడితే నాకు సగం భయం పోతుంది.

"మీది ఏ విచారణండీ?" అని అడిగారు.

"పాప సీటు విచారణేనండి," అన్నాను.

ఆవిడ చిన్నగా నవ్వారు. క్యాథలిక్కుల తెలుగులో విచారణ అంటే ఒక చర్చి కిందకు వచ్చే ప్రాంతమట. ఆ సంగతి నాకు ఆ తరవాత తెలిసింది.

"అది కాదు, అప్పట్లో ఏ సభలో ఉండేవారు?"

చిక్కడపల్లిలో ఉన్నవాళ్లను సభల గురించి అడగనక్కర్లేదు. సాయంత్రమైతే ఏదో ఒక హాల్లో సన్మానమో, పుస్తకావిష్కరణో ఉంటుంది. మా ఆయన బతికుండగా అన్నింటికీ వెళ్లేవాళ్లం. "ఫలానా అని లేదండి, అన్ని సభలకూ వెళ్లేదాన్ని. ఎప్పుడూ వెనక వరసలోనే కూర్చునేదాన్ని," అన్నాను. సిస్టర్ నావైపు చాలా గౌరవంగా చూశారు. సభ అంటే సిస్టర్లు చేరే సన్యాస సంఘం అని కూడా నాకు ఆ తరవాతే తెలిసింది.

"మరి ఇరవై రెండేళ్ల తరవాత బయటికి ఎందుకు వచ్చేశారు?"

"మోకాళ్లండీ."

"మాకూ అంతే," అన్నారావిడ తన మోకాలి మీద చెయ్యి వేసుకుని. "మోకాళ్లే ముందు పోతాయి."

ఎల్‌కేజీ బల్లలు జానెడెత్తు ఉంటాయి. వాటి పక్కన కూర్చుని లేచి నా మోకాళ్లు అరిగిపోయాయి. ఈవిడ కూడా చిన్న క్లాసులకు చెప్పి వచ్చిన మనిషే అనుకున్నాను. మనవరాలు కుర్చీలో కూర్చోలేదు. కిటికీ ఊచలు పట్టుకుని బయట చూస్తోంది. బయట ఆడపిల్లలు ఖోఖో ఆడుతున్నారు. ఒక పిల్ల దుమ్ము రేపుకుంటూ పడి, లేచి, మళ్లీ పరుగెత్తింది. మనవరాలి మడమలు నేల మీద ఆనడం లేదు.

సిస్టర్ ఫారం మీద పెన్ను పెట్టారు. ఎనిమిదో తరగతిలో ఖాళీలు అయిపోయాయనీ, సభల్లో సేవ చేసిన వాళ్ల కుటుంబాలకని ఒక్క సీటు అట్టేపెడతామనీ, అది ఇంకా ఉందనీ చెప్పారు. తరవాత నావైపు వంగి మెల్లగా, "ఇరవై రెండేళ్లు మీరు చేసిన ప్రార్థన ఎక్కడికీ పోదు సిస్టర్," అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. వాళ్ల ఫారంలో కాన్వెంటు అంటే సిస్టర్లు ఉండే మఠం, నన్ను ఒకప్పటి సిస్టర్ అనుకున్నారు. మా అబ్బాయికి కూడా అర్థమైంది, ఎందుకంటే కుర్చీ కింద నా కాలు తొక్కాడు. కోడలు గోడ మీద సిలువను చూస్తూ ఉండిపోయింది. నేను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. పెన్ను కాగితం మీదే ఉంది.

"ప్రార్థన కాదండీ," అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. "ఏబీసీడీలు. నేను ఎల్‌కేజీ టీచర్ని. మాది రేకుల షెడ్డు. బోర్డు మీద కాన్వెంటు అని ఉండేది, అంతే. రోజుకు నలభై మంది పిల్లల చేత పలక మీద దిద్దించాను. సగం మందికి ముక్కులు కూడా నేనే తుడిచాను. ప్రార్థన పొద్దున అయిదు నిమిషాలే."

సిస్టర్ పెన్ను తీసి మూత పెట్టారు. ఆవిడకు కోపం రాలేదు, అది నేను చెప్పాలి. మొహం కొంచెం ఎర్రబడింది. తరవాత నవ్వు ఆపుకున్నారు. తరవాత ఆ సీటు అలా ఇవ్వడానికి వీలుండదని చెప్పారు. ఎవరైనా టీసీ తీసుకుంటే ఫోన్ చేస్తామన్నారు. వచ్చేటప్పుడు తలుపు దాకా వచ్చి, "రండి టీచర్‌గారూ," అని పంపించారు. నాకు ఆ పిలుపు ఎంత నచ్చిందంటే, ఏం పోగొట్టుకున్నామో గేటు దాటేదాకా గుర్తు రాలేదు.

మా అబ్బాయి నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగాక, "అబద్ధం చెప్పమనలేదమ్మా. ఊరుకోమన్నాను," అన్నాడు.

"అత్తమ్మ నిజమే చెప్పింది గదా," అంది కోడలు. సిగ్నల్ మారాక, "అడ్మిషన్ అయినంక చెప్తే ఇంకా మంచిగుండేది," అంది.

మనవరాలు ఇంటికొచ్చి మెట్లు ఎక్కింది. నడిచి ఎక్కింది.

తరవాత నాలుగు రోజులు నేను చాలా గొప్పగా తిరిగాను. మార్కెట్లో చెప్పాను, గుడి దగ్గర చెప్పాను. విచారణ సంగతీ సభ సంగతీ చెప్పి నవ్వించి, చివర్లో నిజం చెప్పేశానని ముగించేదాన్ని. కిరాణా కొట్టాయన, "మీరు మా టీచరమ్మ, అబద్ధం ఎట్ల చెప్తరు?" అన్నాడు. కాకినాడలో ఉన్న మా చెల్లెలు ఫోన్లో, నీలాంటి వాళ్లుండబట్టే ఈమాత్రం వానలు పడుతున్నాయి అంది. నాకూ అలాగే అనిపించింది.

అయిదో రోజు సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. మనవరాలు వచ్చి పక్కన కూర్చుని తనూ తీయడం మొదలుపెట్టింది.

"నాన్నమ్మా, నువ్వు చెప్పకపోతే నాకు సీటు వచ్చేది గదా?"

"వచ్చేదే."

"మరి ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెప్పాలి కదమ్మా."

"గట్లేం కాదు," అంది ఆ పిల్ల. చిక్కుడుకాయ మీంచి చూపు ఎత్తలేదు. "ఆ సిస్టర్ ప్రార్థన అన్నప్పుడు నీకు కోపమొచ్చింది. నేను నీ మొహం చూసిన. కోపంల చెప్పినవ్."

ఆ పిల్ల చెప్పిందే నిజం. అబద్ధానికి భయపడి చెప్పలేదు నేను. నా ఇరవై రెండేళ్లనూ ఆవిడ ఒక్క మాటతో వేరే ఎవరి లెక్కలోనో వేసేసింది. అది పడలేదు నాకు. ఆ ముక్కులు తుడిచింది నేను, ఆ పలకలు దిద్దించింది నేను అని ఎవరికైనా చెప్పాలనిపించింది. అందుకు నా మనవరాలి గ్రౌండు ఇచ్చేశాను. ఎంత సిగ్గేసిందంటే, లేచి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను. తిరిగొచ్చి, "అవునే, కోపం వచ్చింది. తప్పు నాది," అన్నాను.

"సరే," అంది. చిక్కుడుకాయలన్నీ అయ్యేదాకా కూర్చుంది.

టీసీ ఎవరూ తీసుకోలేదు, ఫోన్ రాలేదు. జూన్‌లో పిల్ల అయిదంతస్తుల స్కూల్లో చేరింది. పొద్దున ఏడింటికి వెళ్లి సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. లెక్కల్లో బాగా వస్తున్నాయని మా అబ్బాయి సంతోషంగానే ఉన్నాడు. శనివారం డ్రిల్లు ఉంటుంది, ఆ రోజు తెల్ల బూట్లు వేసుకోవాలి. టెర్రస్ మీద వరసల్లో నిలబెట్టి చేతులు పైకీ కిందికీ ఎత్తిస్తారట, వరస దాటి కదలకూడదట. ఆ బూట్లు శుభ్రం చేసే పని నేను పెట్టుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే తీసుకున్నాను. ప్రతి శనివారం సాయంత్రం స్టూలు వేసుకుని, తడిగుడ్డ పట్టుకుని కూర్చుంటాను. ఒక బూటు తీసి అడుగు తిప్పి చూస్తాను, రెండోది తీసి చూస్తాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా మట్టి అంటలేదు.