గుట్ట మీద జేజి అడిగిన పేర్లు

నా చిన్నప్పుడు, స్వాతంత్ర్యం వచ్చి ఇంకా పదేళ్లు కాలేదు, బెళుగుప్ప వైపున్న మా ఊరి గుట్ట మా చేయి దాటిపోయింది. తాతల ఆస్తిలో చివరగా పోయింది అదే. కొన్న ఆసామి మొదట చేసిన పని, తుమ్మాకు కోసుకుని దిగివస్తున్న మా జేజిని, అంటే మా నాయన తల్లిని, కూలీల ముందు ఆపడం.

"కొంగులో ఉండేదంతా ఈడ పోసి పో పెద్దమ్మా. గుట్ట ఇప్పుడు నాది" అన్నాడు.

జేజి కొంగు దులిపి, తల వంచకుండా నడిచి వచ్చింది. పక్కనే ఉన్న నాకు తొమ్మిదేళ్లు. ఆ మనిషి చెడిపోవాలని అప్పటినుంచి రోజూ కోరుకున్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

మరుసటి ఏడు తొలకరి పడ్డాక మొక్కల సర్వే సారు వచ్చాడు. గుట్ట మీద నాలుగు మేకులు కొట్టి, చుట్టూ తాడు కట్టి, ఆ చదరంలో తనంతట తాను మొలిచిన ప్రతి మొక్కనూ రాసుకునేవాడు. పచ్చిక బాగున్న గుట్టలకు సర్కారు రాతి కంచె కట్టిస్తుందట. ఆసామి కన్ను ఆ కంచె మీదే. సారు మధ్యాహ్నం అన్నానికి దిగగానే నేను మేకులూ తాడూ పీకి, లంగాలో మూటకట్టి, గడ్డిపరక లేని గులక నేలలో పాతాను.

ఏడాదిగా అటు అడుగుపెట్టని జేజి, నన్ను వెతుక్కుంటూ వచ్చి చూసింది. పాత గుంటల్లోనే మళ్లీ నాచేత పాతించింది.

"ఆయప్ప మీద కోపముంటే ఆయప్ప మీదే తీర్చుకో. ఉండే చెట్టును లేదని చెప్పేది మన ఇంట్లో లేదు."

నా తప్పు సారుకు నాచేతే చెప్పించింది కూడా. ఆమె పిరికిదనుకుని ఏడ్చాను. సారు కోప్పడలేదు. ఊరివాళ్లు వాడే పేర్లు లేక తన పుస్తకం ఆగిపోయిందని, ఆసామిని ఏది అడిగినా పిచ్చి చెట్టంటున్నాడని, మీరు వచ్చి చెప్తారా అని జేజిని అడిగాడు. పొమ్మన్నవాళ్లే వచ్చి పిలిస్తే వస్తానంది.

పేర్లు లేనిదే కంచె రాదని సారు చెప్పినట్టున్నాడు, మర్నాడు ఆసామి భార్య కుంకుమ భరిణతో వచ్చింది. జేజి ఆమెకు మజ్జిగ ఇచ్చి, "నన్ను పొమ్మనింది నువ్వు కాదు గదమ్మా" అని బొట్టు పెట్టించుకోకుండా పంపేసింది. సాయంత్రానికి మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చారు. వీధంతా చూస్తుండగా ఆసామి చెప్పులు విడిచి, "గుట్టకు రావల్ల పెద్దమ్మా" అన్నాడు. అప్పుడు జేజి బొట్టుకు నుదురు ముందుకు పెట్టింది.

గుట్ట మీద ఒక్కో మొక్క దగ్గరా ఆగి, ముందు అతని వైపు తిరిగేది.

"నీ గుట్టే గదప్పా, ఇదేందో చెప్పు."

"పిచ్చి చెట్టు."

"దానికి పిచ్చి లేదప్పా, పేరుండాది. వెంపలి."

కూలీలు నవ్వారు. వాళ్లు ఆనాటి కూలీలే. ఇరవై ఆరు రకాల మొక్కలు. ఇరవై ఆరు సార్లు అడిగింది, ఒక్కటీ వదల్లేదు. సగం కాకముందే అతను నేల చూపులు చూశాడు. నేను మాత్రం అతని ముఖమే చూస్తూ నిలబడ్డాను.

కంచె అతనికే వచ్చింది. అది నాకు చాలాకాలం మింగుడుపడలేదు. తర్వాత నాకూ శత్రువులు దొరికారు. వాళ్ల గురించి నలుగురిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఉన్నది మాత్రమే చెప్పాను, ఒక్క మాట కలపలేదు. మనిషి తల దించడానికి ఉన్నది చాలని జేజి చూపించింది. క్షమించడం ఆమె నేర్పలేదు. నేనూ నేర్చుకోలేదు.